సియాటెల్ నుంచి అలాస్కా క్రూజ్: రోజు ప్లాన్ చేసుకోవడం, షిప్‌లో ఫోన్ వాడుకోవడం (అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి స్టెప్ బై స్టెప్)

సమ్మర్ రాగానే ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్దాం అని అడిగితే ఈమధ్య సగం మంది చెప్పేది సియాటెల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజే. పెద్దవాళ్ళకి ఇది నిజంగా సుఖమైన ట్రిప్, రోజూ పెట్టె సర్దక్కర్లేదు, గంటలు గంటలు కార్లో కూర్చోక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులున్నా లిఫ్టులున్నాయి. కాకపోతే ఎక్కిన రెండో రోజుకే రెండు గొడవలు మొదలవుతాయి. ఏ టైమ్‌కి ఎక్కడ ఏముందో ఎవరికీ తెలీదు, ఇంట్లోవాళ్ళలో ఎవరు ఏ డెక్ మీద ఉన్నారో అంతకన్నా తెలీదు. దానికి అందరూ చేసే పని మనిషికో వైఫై ప్యాకేజ్ కొనడం. నేనైతే వద్దంటా. ఇంటిల్లిపాదికీ ఒకే టైమ్, కలుసుకోడానికి ఒకే చోటు, రోజుకి రెండుసార్లు కలవడం, ఇవి ముందు ఫిక్స్ చేసుకోండి, ఇంటర్నెట్ ఒక్కటి చాలు, అది కూడా ఎక్కువగా ఇండియా కాల్స్ కోసమే.

స్టెప్ 1: ఇంటి దగ్గర ఉండగానే చేసేయాల్సినవి

అన్నిటికన్నా ముందు మీ క్రూజ్ లైన్ యాప్ అందరి ఫోన్లలో వేయండి, అంటే అమ్మ ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో కూడా. రాయల్ కరేబియన్‌కి దాని పేరుతోనే యాప్, కార్నివాల్‌కి హబ్ యాప్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, నార్వీజియన్‌లకి వాటి సొంత యాప్‌లు. ఎక్కాక వేద్దాంలే అనుకోవద్దు, పెద్దవాళ్ళకి ప్లే స్టోర్ పాస్‌వర్డ్ గుర్తుండదు, ఓటీపీ ఇండియా నెంబర్‌కి పోతుంది, అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లోనే లాగిన్ చేయించి, బుకింగ్ నెంబర్ కలిపి, ఒకసారి వాళ్ళ చేత్తోనే ఓపెన్ చేయించండి.

తర్వాత ఫోన్లలో గూగుల్ ఫొటోస్ లేదా ఐక్లౌడ్ బ్యాకప్ ఆఫ్, ఆటో అప్‌డేట్లు ఆఫ్, వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆఫ్. ఈ చివరిది మర్చిపోతే ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలే ఉన్న కాస్త స్పీడూ మింగేస్తాయి. షిప్ ఆగే జూనో, స్కాగ్వే, కెచికన్, విక్టోరియా ఊళ్ళ ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకోండి. నాన్నకి పాత పాటలు, అమ్మకి నాలుగు సినిమాలు ఫోన్‌లోకి ఎక్కించండి, సముద్రం మీద మొత్తం ఒక రోజు ఉంటుంది.

షిప్ పేరు, క్యాబిన్ నెంబర్, డేట్లు, ఏ రోజు ఏ ఊరు, ఇవన్నీ ఒక మెసేజ్‌గా రాసి ఇండియాలో ఒకరికి, ఇక్కడ ఒకరికి పంపేయండి. "రెండు రోజులు ఫోన్ కలవకపోయినా కంగారు పడొద్దు" అని కూడా రాయండి, లేకపోతే పెద్దమ్మ వరసగా అందరికీ ఫోన్ చేసేస్తుంది.

షెడ్యూల్‌కి సంబంధం లేకపోయినా ఇంకో మాట. ఈ షిప్ మధ్యలో కెనడాలో విక్టోరియా దగ్గర ఆగుతుంది కాబట్టి ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విజిటర్ వీసాతో వచ్చిన పేరెంట్స్‌కి కెనడా వీసా కావాలి, హెచ్-వన్ వాళ్ళకీ అంతే, "మేం దిగంలే" అంటే ఒప్పుకోరు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి మాత్రం కార్డూ పాస్‌పోర్టూ ఉంటే చాలు. కెనడా వీసాకి టైమ్ పడుతుంది, టికెట్ బుక్ చేసిన రోజే అప్లై చేయండి.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఈ మూడూ తీసుకెళ్ళొద్దు, స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా వాళ్ళ దగ్గరే పెట్టేసుకుంటారు. చార్జింగ్‌కి పవర్ స్ట్రిప్పులు కూడా చాలా లైన్లు ఒప్పుకోవు, వైరు లేని మామూలు యూఎస్‌బీ చార్జర్, ఎక్కువ పోర్టులున్నది ఒకటి పెట్టుకోండి.

స్టెప్ 2: ఎక్కే రోజు

సియాటెల్‌లో టెర్మినల్స్ రెండున్నాయి, పియర్ 66 డౌన్‌టౌన్‌లో, పియర్ 91 కొంచెం దూరంగా స్మిత్ కోవ్ దగ్గర. టికెట్ మీద ఏది ఉందో చూసి ఊబర్‌లో అదే కొట్టండి, పెద్ద పెట్టెలతో తప్పు టెర్మినల్ ముందు దిగితే ఆ చిరాకు రోజంతా ఉంటుంది.

పెద్ద పెట్టెలు బయటే తీసుకుంటారు, అవి క్యాబిన్‌కి వచ్చేసరికి సాయంత్రం అవ్వచ్చు, ఒక్కోసారి రాత్రి కూడా. అందుకని బీపీ, షుగర్ మాత్రలు, పాస్‌పోర్టులు, చార్జర్లు, ఒక స్వెటర్ చేతి సంచిలోనే. క్యాబిన్లు కూడా ఎక్కగానే ఇవ్వరు, మధ్యాహ్నం ఒంటిగంట దాటాలి చాలాసార్లు. ఈలోపు అందరూ బఫేకే పోతారు, ఆ రద్దీలో పెద్దవాళ్ళకి కూర్చోడానికి కుర్చీ దొరకదు. కింద మెయిన్ డైనింగ్ రూమ్ మొదటి రోజు లంచ్‌కి తెరిచుందేమో గుమ్మం దగ్గర స్టాఫ్‌ని అడగండి, తెరిచి ఉంటే అక్కడ ఖాళీగా ఉంటుంది.

మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే ప్రాక్టీసు, తప్పించుకోలేరు. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా మునిగాక రూల్స్ గట్టిపడ్డాయి, ఇప్పుడు షిప్ కదిలేలోపు లేదా కదిలిన వెంటనే అందరూ చేసి తీరాలి. చాలా షిప్పుల్లో ఇప్పుడు ఫోన్‌లోనో టీవీలోనో వీడియో చూసి, మీ మస్టర్ స్టేషన్‌కి వెళ్ళి కార్డు స్కాన్ చేయించుకుంటే పదినిమిషాల్లో అయిపోతుంది. ఏడు చిన్న హారన్లు, తర్వాత ఒక పొడుగు హారన్, అదీ ఎమర్జెన్సీ సిగ్నల్. అమ్మానాన్నలకి తెలుగులో ఒకసారి చెప్పి ఆ స్టేషన్ దాకా నడిపించి చూపించండి, ఎక్కడో డెక్ మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఆ హారన్ వినిపిస్తే ఇంగ్లీషు అనౌన్స్‌మెంట్ వాళ్ళకి సగం అర్థం కాదు.

ఆ సాయంత్రమే డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌ని కలిసి "ఇండియన్ వెజిటేరియన్ రేపట్నుంచి కావాలి" అని చెప్పండి. స్టాఫ్‌లో మనవాళ్ళు దాదాపు ఎప్పుడూ ఉంటారు, గోవావాళ్ళు, కేరళవాళ్ళు, ఒక్కోసారి వైజాగ్ కుర్రాళ్ళు, ఒకరోజు ముందు చెప్తే పప్పు, కూర, అన్నం చేయించి పెడతారు. అప్పటికప్పుడు అడిగితే పాస్తానే.

స్టెప్ 3: టైమ్ సంగతి తేల్చుకోండి

సగం గందరగోళం ఇక్కడే. సియాటెల్ పసిఫిక్ టైమ్, అలాస్కా దానికి గంట వెనక. షిప్ మొదటి రాత్రో రెండో రాత్రో గడియారం ఒక గంట వెనక్కి జరుపుతుంది, తిరుగు దారిలో విక్టోరియా ముందు మళ్ళీ గంట ముందుకి. ఏ రాత్రి జరుపుతున్నారో ఆ రోజు ప్రోగ్రామ్ షీట్ మీద రాస్తారు. ఫోన్ మాత్రం దానిష్టం వచ్చినట్టు చేస్తుంది, ఒకసారి టవర్ చూసి మారుతుంది, ఒకసారి వైఫై చూసి మారుతుంది, ఒకే గదిలో నాన్న ఫోన్‌లో 7, మీ ఫోన్‌లో 8 కనపడుతుంది.

కాబట్టి ఎక్కిన రోజే అందరి ఫోన్లలో ఆటోమేటిక్ టైమ్ ఆఫ్ చేసి, షిప్ చెప్పిన రాత్రి చేత్తో మార్చండి. నాన్నకి మామూలు చేతి వాచీ ఉంటే ఇంకా మంచిది. అనుమానం వస్తే క్యాబిన్‌లో ల్యాండ్‌లైన్ ఫోన్ మీద చూడండి, చాలా షిప్పుల్లో దాని డిస్‌ప్లేలో షిప్ టైమే ఉంటుంది. పోర్టులో దిగినా, ఊరు గడియారం ఏం చూపించినా, మీకు లెక్క షిప్ టైమే.

స్టెప్ 4: డైలీ షీట్ చదవడం

డైలీ షీట్ అంటే ఆ రోజు షిప్‌లో ఏ టైమ్‌కి ఎక్కడ ఏముందో రాసిన కాగితం. రాయల్‌లో దాన్ని క్రూజ్ కంపాస్ అంటారు, ప్రిన్సెస్‌లో ప్యాటర్, కార్నివాల్‌లో ఫన్ టైమ్స్, నార్వీజియన్‌లో ఫ్రీస్టైల్ డైలీ. ఇప్పుడు అన్నీ యాప్‌లోనే ఉంటాయి, దానికి ప్యాకేజ్ అక్కర్లేదు, షిప్ వైఫైకి కనెక్ట్ అయితే చాలు. కానీ పెద్దవాళ్ళకి కాగితమే కావాలి. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడిగితే చాలాచోట్ల ప్రింట్ ఇస్తారు, రేపటిది ఈరోజు రాత్రే తెచ్చుకోండి.

షీట్ నిండా చీమల్లాంటి అక్షరాలతో ఏవేవో ఉంటాయి, ట్రివియా అంటారు, బింగో అంటారు, ఆర్ట్ ఆక్షన్ అంటారు, నగల షాపు సెమినార్ అంటారు (అవి అమ్మకాలు, వెళ్ళకపోతే పోయేదేం లేదు). పెన్ను తీసుకుని నాలుగే గుర్తులు పెట్టండి. షిప్ ఎన్నింటికి ఆగుతుంది, ఎన్నింటికల్లా వెనక్కి రావాలి, రాత్రి షో ఎన్నింటికి, నేచురలిస్ట్ టాక్ (అక్కడి జంతువులు, ప్రకృతి గురించి తెలిసినవాళ్ళు చెప్పేది) ఉంటే ఎన్నింటికి. ఈ చివరిది అలాస్కా షిప్పుల్లో వదులుకోకూడనిది, తిమింగలాలు ఏ వైపు కనపడొచ్చో, ఆ తోకని ఎలా గుర్తుపట్టాలో చెప్తారు. మిగతావన్నీ దొరికితే చూద్దాం, దొరక్కపోతే లేదు. గంటకో ప్రోగ్రామ్ పెట్టుకుని పరిగెత్తితే పెద్దవాళ్ళు మూడోరోజుకి క్యాబిన్ వదిలి రారు.

థియేటర్ షోలకి కొన్ని షిప్పుల్లో సీటు యాప్‌లో బుక్ చేసుకోవాలి, ఎక్కిన రోజే చేసేయండి. డిన్నర్ టైమ్ కూడా చూడండి, ఫిక్స్‌డ్ అయితే ఒకటి ఐదున్నర, ఆరు ప్రాంతంలో, రెండోది ఎనిమిది ప్రాంతంలో ఉంటుంది. మనవాళ్ళకి ఆరింటికి భోజనం ఏంటి అనిపిస్తుంది గానీ పోర్టులో తిరిగొచ్చి అలిసిపోయిన పెద్దవాళ్ళకి మొదటిదే నయం, ఎనిమిదింటి డిన్నర్ అయ్యేసరికి పది అవుతుంది.

రెండో రోజు మొత్తం సముద్రమే. సియాటెల్ షిప్పులు చాలావరకు వాంకూవర్ ఐలాండ్‌కి పడమటి వైపు, అంటే ఓపెన్ పసిఫిక్ మీదుగా వెళ్తాయి, ఆ రోజు కాస్త ఊగుతుంది. కళ్ళు తిరుగుతాయనుకునేవాళ్ళు మాత్రలు ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. ఆ రోజు ఏ పెద్ద ప్లానూ పెట్టుకోకండి.

స్టెప్ 5: ఎయిర్‌ప్లేన్ మోడ్, ఇందులో మొహమాటాలు లేవు

షిప్ తీరం వదలగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి. ఎందుకంటే షిప్‌కి సొంతంగా ఒక సెల్ నెట్‌వర్క్ ఉంటుంది, తీరానికి దూరంగా వెళ్ళాక దాన్ని ఆన్ చేస్తారు, అది మీ ఫోన్‌ని సాటిలైట్ ద్వారా కలుపుతుంది. స్క్రీన్ పైన సెల్యులార్ ఎట్ సీ అనో, 901తో మొదలయ్యే నెంబరో కనపడిందంటే మీరు దాని మీద ఉన్నట్టే. మీ మామూలు అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో ఇది ఉండదు, నిమిషాల లెక్కన, ఎంబీల లెక్కన బిల్లు వేస్తారు, ఫోన్ జేబులోనే ఉండి తనంతట తను మెయిల్స్ దించుకున్నా డబ్బులే.

పేరెంట్స్ ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉంటాయి, ఇక్కడి ప్రీపెయిడ్ ఒకటి, బ్యాంక్ ఓటీపీల కోసం ఇండియాది ఒకటి. ఎయిర్‌ప్లేన్ మోడ్ రెండిటినీ ఆపుతుంది. "ఓటీపీ వస్తుందేమో" అని ఇండియా సిమ్ ఆన్ చేసి ఉంచుతామంటారు, ఒప్పుకోవద్దు. ఆ వారం కట్టాల్సిన బిల్లులు, రెన్యూవల్స్ ఏమన్నా ఉంటే ఎక్కేముందే కట్టించేయండి. ఇంకోటి, వాట్సాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేసే ప్రయోగాలు షిప్‌లో చేయొద్దు, వెరిఫికేషన్ మెసేజ్ రాదు, వారం రోజులు వాట్సాప్ ఉండదు.

స్టెప్ 6: వైఫై ఎన్ని కొనాలి

ఒకటి. నలుగురు, ఐదుగురు ఉన్న ఫ్యామిలీకి ఒకటి చాలు. చాలా లైన్లలో ఒక డివైస్‌కి రోజుకి 20 డాలర్లు దాటుతుంది, ఏడు రోజులకి నలుగురికి లెక్క వేసుకోండి. సింగిల్ డివైస్ ప్లాన్ చాలాచోట్ల ఒక ఫోన్‌లో లాగౌట్ చేసి ఇంకో ఫోన్‌లో లాగిన్ చేసుకోవచ్చు, పొద్దున అమ్మ, సాయంత్రం మీరు. ఎక్కాక కొంటే రేటు ఎక్కువ, ముందే వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో కొనండి, బుక్ చేసినప్పట్నుంచి అప్పుడప్పుడు రేటు చూస్తుంటే తగ్గుతుంది కూడా.

స్పీడ్ సంగతికొస్తే ఇదివరకటిలా లేదు. పాత సాటిలైట్లు భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన, అదీ భూమధ్యరేఖ మీద ఉండేవి, అలాస్కా లాంటి ఉత్తరాన వాటి వైపు చూస్తే ఆకాశంలో బాగా కిందికి ఉంటాయి, మధ్యలో కొండ అడ్డం వస్తే నెట్ పోయేది. ఇప్పుడు పెద్ద లైన్లన్నీ స్టార్‌లింక్ అనే సాటిలైట్ ఇంటర్నెట్ పెట్టించుకున్నాయి, రాయల్ కరేబియన్ 2022లో మొదలుపెట్టింది, ఆ సాటిలైట్లు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతుంటాయి కాబట్టి వీడియో కాల్ కూడా బాగానే నడుస్తుంది. అయినా వేలమంది పంచుకునే నెట్, రాత్రి తొమ్మిదింటికి నత్తనడకే.

ఆఫీసు పని చేసుకుంటూ క్రూజ్ చేద్దాం అనుకునేవాళ్ళు ఆగి ఆలోచించండి. కొన్ని ప్యాకేజీల్లో ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ బ్లాక్ అవుతుంది, మీటింగ్ మధ్యలో కట్ అవుతుంది. లీవ్ పెట్టేయండి.

స్టెప్ 7: నెట్ లేకుండా ఒకరినొకరు వెతుక్కోవడం

యాప్‌లో చాట్ ఉంటుంది, షిప్ లోపల ఉన్నవాళ్ళతో మాత్రమే, కొన్ని లైన్లలో ఫ్రీ, కొన్నిట్లో కొద్దిగా డబ్బులు. ప్రిన్సెస్‌లో ఇచ్చే మెడాలియన్ అనే చిన్న బిళ్ళ జేబులో ఉంటే మనవాళ్ళు ఏ డెక్ మీద ఉన్నారో యాప్‌లో కనపడుతుంది, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. క్యాబిన్ నుంచి క్యాబిన్‌కి ల్యాండ్‌లైన్ ఫ్రీ. వాకీటాకీలు మాత్రం డబ్బు దండగ, అంతా ఇనుము, రెండు డెక్‌లు దాటేసరికి గరగర తప్ప ఏం వినపడదు.

ఇవన్నీ ఒక ఎత్తు, క్యాబిన్ తలుపు ఒక్కటీ ఒక ఎత్తు. చాలా షిప్పుల్లో ఆ తలుపులు, గోడలు మెటల్‌వే, అయస్కాంతం అతుక్కుంటుంది. ఒక చిన్న మాగ్నెటిక్ వైట్‌బోర్డ్, మార్కర్ తీసుకెళ్ళి తలుపు లోపలి వైపు పెట్టండి, ఎవరు బయటికి వెళ్తున్నా "అమ్మ, నాన్న, డెక్ 7 వాకింగ్, 11కి వస్తాం" అని తెలుగులో రాసి పోవాలి. దీనికి చార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, డెబ్బై ఏళ్ళ మనిషికి నేర్పక్కర్లేదు. పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత వాళ్ళే బొమ్మలేసి మరీ రాస్తారు.

దాంతోపాటు రెండు టైములు, ఒక చోటు. మధ్యాహ్నం పన్నెండున్నరకి, సాయంత్రం ఐదింటికి, ఎక్కడున్నా సరే ఆ చోటుకి రావాలి. బఫే గుమ్మం పెట్టుకోకండి, అక్కడ జనం. నడి భాగంలో లిఫ్టుల పక్కన సోఫాలు ఉంటాయి, ఒక డెక్ ఎంచుకుని అదే ఫిక్స్ చేయండి. పెద్దవాళ్ళకి షిప్ ముందేదో వెనకేదో తెలీదు, కారిడార్‌లన్నీ ఒకేలా ఉంటాయి, అందుకని మీ క్యాబిన్ తలుపు బయట కూడా ఒక రంగు మాగ్నెట్ పెట్టండి. క్యాబిన్ నెంబర్ ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టడం మర్చిపోవద్దు, రూమ్ కార్డు మీద నెంబర్ రాయరు.

స్టెప్ 8: ఇండియా కాల్

అలాస్కా టైమ్‌లో ఉన్నప్పుడు ఇండియా మనకన్నా 13 గంటల 30 నిమిషాలు ముందు. పొద్దున ఏడింటికి షిప్‌లో కాఫీ తాగుతుంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అందరూ ఇంట్లో ఉంటారు, షిప్‌లోనేమో సగం జనం నిద్రలో ఉంటారు కాబట్టి నెట్ ఖాళీ. రాత్రి ఎనిమిదింటికి చేస్తే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర, ఆఫీసుల హడావిడి, ఇక్కడ నెట్ రద్దీ. పొద్దున కాలే ఖాయం చేసుకోండి. సియాటెల్‌లోనూ విక్టోరియాలోనూ తేడా 12 గంటల 30 నిమిషాలు, ఆ రోజుల్లో గంట జరుగుతుంది, అక్కడివాళ్ళకి ముందే చెప్పండి.

స్టెప్ 9: పోర్ట్ రోజులు

ఊళ్ళో దిగాక ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేయొచ్చు, జూనో, స్కాగ్వే, కెచికన్ అన్నీ అమెరికానే. కాకపోతే మీ ప్లాన్‌లో అలాస్కాకి డేటా లిమిట్ ఉందేమో చూసుకోండి, కొన్ని కంపెనీలు అక్కడ వేరేవాళ్ళ టవర్ల మీద నడుస్తాయి. సిగ్నల్ నిండుగా కనపడినా నెట్ కదలకపోతే ఆశ్చర్యపోకండి, స్కాగ్వే ఊరి జనాభా వెయ్యి చిల్లర, ఒకేరోజు మూడు నాలుగు షిప్పులొస్తే ఊరి జనానికి పదింతల మంది దిగుతారు. జూనోలో అయితే డాక్ పక్కనే పార్కింగ్ బిల్డింగ్ పైన పబ్లిక్ లైబ్రరీ ఉంది, ఫ్రీ వైఫై, వెచ్చగా కూర్చోవచ్చు, వాన పడుతుంటే పెద్దవాళ్ళకి స్వర్గం.

ఇంకో కిటుకు, అందరూ ఊళ్ళోకి దిగాక షిప్‌లో వైఫై స్పీడ్ బాగుంటుంది. ఫొటోలు పంపాలంటే అప్పుడు పంపండి.

స్కాగ్వేలో వైట్ పాస్ రైలు పెద్దవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది, 1898లో గోల్డ్ రష్ రోజుల్లో మొదలుపెట్టిన లైను, కూర్చుని కిటికీలోంచి చూడ్డమే, పోయి రావడానికి మూడు గంటల లోపు. జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్ (మంచు నది) డౌన్‌టౌన్‌కి 20 కిలోమీటర్ల దూరం, వచ్చేటప్పుడు బస్సు కోసం లైన్ ఉంటుంది, ఆ టైమ్ కూడా లెక్కలో వేసుకోండి.

ఆల్ అబోర్డ్ అంటే షిప్ బయల్దేరే టైమ్ కాదు, మీరు లోపల ఉండాల్సిన టైమ్, సాధారణంగా అరగంట ముందు. షిప్ వాళ్ళ దగ్గర కొన్న టూర్ లేట్ అయితే ఆగుతారు, బయట కొనుక్కున్నదైతే ఆగరు. బయట టూర్లు చవకే, నేను వద్దనను, కానీ తిరిగి రావడానికి రెండు గంటలు గ్యాప్ ఉంచుకోండి. డైలీ షీట్ మీద పోర్ట్ ఏజెంట్ (ఆ ఊళ్ళో షిప్ తరఫున ఉండే మనిషి) ఫోన్ నెంబర్ ఉంటుంది, దిగేముందు దాన్ని ఫొటో తీయండి, షిప్ వెళ్ళిపోతే మీకు దిక్కు ఆయనే. నాన్న ఒక్కడే ఊళ్ళో తిరిగొస్తానంటే ఆ ఫొటో ఆయన ఫోన్‌లో కూడా ఉండాలి.

స్టెప్ 10: గ్లేసియర్ బే రోజు

మీ షిప్ గ్లేసియర్ బేకి వెళ్ళేదైతే ఆ రోజు ఫోన్ సంగతి మర్చిపోండి, టవర్లు లేవు. రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్పులనే లోపలికి రానిస్తారు. పొద్దున్నే నేషనల్ పార్క్ రేంజర్లు చిన్న బోట్‌లో పక్కకొచ్చి నిచ్చెన పట్టుకుని షిప్ ఎక్కుతారు, ఇక రోజంతా మైక్‌లో చెప్తూనే ఉంటారు. మార్జరీ గ్లేసియర్ ముందు షిప్ ఆగి మెల్లగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్ళకీ కనపడుతుంది, కాబట్టి ముందు డెక్ మీద తోసుకోనక్కర్లేదు. గోడలా నిలబడ్డ నీలం మంచులోంచి ఒక ముక్క విరిగి నీళ్ళలో పడుతుంది, పడేటప్పుడు చప్పుడుండదు, ఒక క్షణం ఆగి ఉరుములాగా వినిపిస్తుంది. వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళకి అది ఎప్పుడూ పక్క ఫ్రేమ్‌లోనే పడుతుంది. జూన్, జూలైలో కూడా చలి కొరుకుతుంది, నాన్న మంకీ క్యాప్‌కి ఇక్కడ ఎవరూ నవ్వరు.

స్టెప్ 11: విక్టోరియా, చివరి రాత్రి

విక్టోరియాలో చాలాసార్లు సాయంత్రం ఆగి రాత్రికి బయల్దేరతారు. ఇది మన సరదా కోసం కాదు, విదేశీ జెండా ఉన్న షిప్ అమెరికా పోర్టులో జనాన్ని ఎక్కించుకుని మళ్ళీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఒక పరాయి దేశం ముట్టుకోవాలని 1886 నాటి చట్టం ఉంది. ఇక్కడ ఫోన్ కెనడా టవర్లు పట్టుకుంటుంది, ప్లాన్‌లో కెనడా ఉందో లేదో ముందే చూసుకోండి. పెద్దవాళ్ళు అలిసిపోయి ఉంటే దిగకుండా ఉండిపోవడమే మేలు, ఆ టైమ్‌కి షిప్‌లో అన్నీ ఖాళీ.

అదే రాత్రి పెద్ద పెట్టెలు ట్యాగ్ వేసి పదకొండు లోపు తలుపు బయట పెట్టాలి. పెట్టేముందు రేపు వేసుకునే బట్టలు, చెప్పులు, మాత్రలు, పాస్‌పోర్టులు, ఫోన్ చార్జర్ బయట ఉన్నాయా అని మంచం మీద వరసగా పేర్చి చూసుకోండి. పొద్దున గ్రూప్ నెంబర్ల ప్రకారం దింపుతారు, సియాటెల్‌కి ఆరేడు గంటలకి చేరినా మీరు బయటపడేసరికి తొమ్మిది దాటొచ్చు, ఇమిగ్రేషన్ కూడా ఉంటుంది, ఫ్లైట్ మధ్యాహ్నం తర్వాతే పెట్టుకోండి. దిగేముందు టీవీలోనో యాప్‌లోనో బిల్లు చూడండి, తప్పులుంటే అక్కడే గెస్ట్ సర్వీసెస్‌లో తేల్చుకోండి. ఫోన్లలో ఆటోమేటిక్ టైమ్ మళ్ళీ ఆన్ చేయండి, తలుపు మీద మాగ్నెట్లు తీసుకోండి.